వర్తించదు

మధురవాడ దాటాక కొండని సగం చెక్కి
అక్కడ కట్టారు విశ్వవిద్యాలయాన్ని.
గేటు దగ్గర నాకు బంతిపూల దండ, కొబ్బరినీళ్లు,
వెనకే ఒక ఫోటోగ్రాఫరు.
వద్దన్నాను. పెళ్లివారి తరఫున రాలేదు నేను,
మంచాలు లెక్కపెట్టడానికొచ్చాను.

ముప్పై నాలుగేళ్లు పెద్దాసుపత్రి మెట్లెక్కి దిగిన మోకాళ్లు నావి.
రిటైరయ్యాక వాటికి ఈ పని:
నలభై రెండు పేజీల ఫారం,
ప్రతి ప్రశ్నకీ మూడే గడులు.
అవును. కాదు. వర్తించదు.

బీఎస్సీ నర్సింగు, ఏడాదికి వందమంది.
ఎమ్మెస్సీలో ఐదుగురు, అందులో ముగ్గురు ఊళ్లో లేరట.
అధ్యాపకులు పదహారుమంది వరసగా నిలబడ్డారు,
చివర గ్లోరీ లత.
పోయిన నెల అనకాపల్లి అవతల ఇంకో కాలేజీ తనిఖీలో
ఇదే చీర, ఇదే సర్టిఫికెట్ల ఫైలు.
నన్ను చూసి తల దించుకుంది.
ఇద్దరు పిల్లలు, గాజువాకలో అద్దె వాటా,
ఏ కాలేజీ జీతమూ నెలకి సరిపోదు.
నాకు తెలుసు. ఫారానికి తెలీదు.

ల్యాబ్‌లో రబ్బరు మనిషి పడుకునున్నాడు,
ముఖం మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు ఎవరూ.
కొన్న నాటి నుంచీ ఊపిరాడక,
చావడానికీ వీల్లేక.

లాగ్‌బుక్కులు తెచ్చి పేర్చారు.
ప్రతి పిల్లా ఇరవై కాన్పులు చేసింది,
అన్నీ ఒకే నీలం ఇంకుతో, ఒకే చేతి వాలుతో.
ఏ తల్లీ అరవలేదు, ఏ బిడ్డా అడ్డం తిరగలేదు.
వంద ఇరవైలు రెండు వేలు.
వీళ్ల ఆసుపత్రిలో నాకు కనబడ్డ పురిటి మంచాలు ఆరు,
రెండింటి మీద తువ్వాళ్లు ఆరేసున్నాయి.

ప్రిన్సిపాల్ ఒకమ్మాయిని ముందుకు తోశాడు,
ఇంగ్లీషులో నైటింగేల్ గురించి మొదలెట్టిందా పిల్ల.
కూర్చోమని, కిటికీ పక్కనున్న అమ్మాయిని పిలిచాను.
కిల్లో దమయంతి. ముంచంగిపుట్టు లోపల ఏదో ఊరు.
"బీపీ చూడమ్మా" అని నా చెయ్యే చాపాను.

ముందు కఫ్ తియ్యలేదు.
రెండు అరచేతులూ గబగబా రుద్దుకుంది,
అగ్గిపుల్ల దొరకని చలి పొద్దులో లాగా.
"ఏమిటది?"
"ఏసీ గదండి. చెయ్యి చల్లగుంటే ఉలిక్కిపడతారు,
ఉలిక్కిపడితే బీపీ ఎక్కువ చూపిస్తాది."
"ఎవరు నేర్పారు?"
"గ్లోరీ మేడమ్. వారానికి రెండ్రోజులే వస్తారండి."
ప్రిన్సిపాల్ దగ్గాడు.
ఆ పిల్లకి దగ్గులో అర్థాలు తెలీవు.

"కాన్పులు ఎన్ని చేశావు?"
"చెయ్యలేదండి, రెండు చూశాను.
ఒకటి మా వదినకి చేశాను, డోలీ దించేలోగా,
దారిలో, వాన.
అది ఇక్కడ చేసింది కాదని రాయనివ్వలేదు."
గొట్టం చెవుల్లోంచి తీసి, గొంతు తగ్గించి,
"నూట యాభై రెండు, తొంభై నాలుగు.
పొద్దున్న మాత్ర వేసుకోలేదా మేడమ్?"

వేసుకోలేదు.

జీడిపప్పు పెట్టె కారులో పెట్టబోయారు,
కారే వద్దని రోడ్డు మీదికొచ్చి బస్సెక్కాను.
ఒళ్లో ఫారం.
మంచాలు: కాదు. బోధకులు: కాదు. ప్రయోగశాల: కాదు.
నా కాదులన్నీ నిజాలే, వేలు వణకలేదు.
చేతులు రుద్దుకోవడానికి గడి వెతికాను, లేదు.
రిమార్కులకిచ్చిన రెండు లైన్లలో ఇరికించి రాశాను:
ఈ వందమందినీ ఆరునెలలు పెద్దాసుపత్రికి పంపండి,
అక్కడ మంచాలే కాదు, నేల మీద కూడా రోగులున్నారు.
ఎవరు చదువుతారో.

పదకొండో పేజీ, గ్లోరీ పేరున్న వరస,
ఇంకా ఏ గడీ కొట్టలేదు.
ఎండాడ వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.
మాత్ర సంచిలోనే ఉంది.
నీళ్ల సీసా ఆ కిటికీ దగ్గరే మరిచిపోయాను.